సంఘం ముందు నిలబడి క్షమాపణ అడిగితేనే ప్రభువు బల్లకి (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే సంస్కారానికి) రానిస్తారట. ఇది క్రమశిక్షణా, తీర్పా?

కృపా_గుంటూరు
మా ఊరి సంఘంలో ఒక విషయం చాలా రోజులుగా నలుగుతోంది. ఇక్కడ వాక్యం బాగా చదివినవాళ్ళు, సంఘ పెద్దలుగా చేసినవాళ్ళు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా.

మా సంఘంలోనే పుట్టి పెరిగిన అమ్మాయి. సండే స్కూల్లో చిన్నపిల్లలకి పాటలు నేర్పేది. ఇంట్లో ఒప్పుకోకపోతే వేరే మతం అబ్బాయిని గుళ్ళో పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. ఆ కాపురం నిలవలేదు. చంకలో బాబుతో పుట్టింటికి తిరిగొచ్చింది. పోయిన నెల మొదటి ఆదివారం సంస్కారానికి అందరిలాగే తెల్లచీర కట్టుకుని వచ్చి బల్ల దగ్గర మోకరించింది. రొట్టె ఇంకా తన దాకా రాలేదు. ఒక పెద్దాయన వెనక నుంచి వంగి చెవిలో ఏదో చెప్పాడు. అంతే, లేచి, వాళ్ళమ్మ ఒళ్ళో ఉన్న బాబుని తీసుకుని పక్క తలుపు గుండా వెళ్ళిపోయింది. చెప్పులు తొడుక్కునే ఓపిక కూడా లేక చేత్తో పట్టుకుని ఎండలో వట్టి కాళ్ళతో నడిచింది.

కమిటీ చెప్పేదేంటంటే, ఒక ఆదివారం సంఘం ముందు నిలబడి చేసిన తప్పు తన నోటితో చెప్పి క్షమాపణ అడగాలి, ఆ తర్వాతే బల్ల. ఆ అమ్మాయి అప్పట్నుంచి చర్చి గుమ్మం తొక్కలేదు.

"మీరు తీర్పు తీర్చకుడి" అని ప్రభువు చెప్పిన మాట ఇక్కడ వర్తించదా? నాకు కోపంగా ఉన్న మాట నిజం. అయినా కమిటీతో మాట్లాడాల్సి వస్తే వాక్యం పట్టుకునే మాట్లాడాలని ఉంది.

పాతపెద్ద_ఒంగోలు
ఎవరికి తోచినట్టు వాళ్ళు వాడేసే వచనం అదే అమ్మా. మత్తయి 7లో మొదటి వచనం దగ్గరే ఆగిపోతారు అందరూ. ఇంకో అయిదు వచనాలు దాటితే ముత్యాలు పందుల ముందు వేయొద్దన్నాడు. ఇంకా కిందికి వస్తే అబద్ధ ప్రవక్తల్ని వాళ్ళ ఫలాలను బట్టి తెలుసుకోమన్నాడు. మంచీ చెడూ తూచకుండా ఈ రెండూ ఎలా కుదురుతాయి?

పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయం చూడండి. తండ్రి భార్యని ఉంచుకున్నవాణ్ణి వెలివేయమన్నాడు. బయటివాళ్ళని దేవుడు చూసుకుంటాడు, లోపలివాళ్ళ సంగతి మీరు చూడాలన్నాడు. మా సంఘంలో కూడా ఇలా ఆపిన సందర్భాలున్నాయి. సంతోషంగా ఎవరూ చేయరు ఆ పని. ఆ ఇంటివాళ్ళ కళ్ళలోకి చూడలేక నేను అన్నం మానేసిన రోజులున్నాయి. కానీ యవ్వనస్తులు చూస్తూ ఉంటారు. ఇవాళ ఏమీ జరగనట్టు కూర్చోబెడితే, రేపు బాప్తిస్మం అప్పుడు ఇచ్చే మాటకి విలువేముంటుంది?

నర్సు_సునీత
కాపురం ఎందుకు నిలవలేదో ఆ అమ్మాయిని ఎవరైనా అడిగారా?

కృపా_గుంటూరు
అమ్మగారు, అంటే మా పాస్టరు గారి భార్య, ఒక్కరే వెళ్ళి కూర్చుని అడిగారు. వాడు కొట్టేవాడట. బాబు పుట్టాక కూడా ఆపలేదట. కమిటీలో ఈ సంగతి తెలిసినవాళ్ళు ఎంతమందో నాకు తెలీదు.

నర్సు_సునీత
అదే నేను అనుకున్నా. మా వార్డుకి ఇలాంటి అమ్మాయిలు వస్తారు. "మెట్ల మీద నుంచి పడ్డాను" అంటారు. ముందు మంచినీళ్ళు ఇచ్చి కూర్చోబెడతాం. ప్రశ్నలు తర్వాత.

సెమినరీ_కుర్రాడు
పాతపెద్ద గారు చెప్పిన 1 కొరింథీ 5 నిజమే, దాటవేయకూడదు. అయితే మూడు విషయాలు.

మొదటిది, ఆ మనిషి అప్పటికీ ఆ పాపంలోనే ఉన్నాడు, సంఘం దాన్ని చూసి ఉప్పొంగిపోతోంది. పౌలుకి కోపం వచ్చింది అందుకు. ఇక్కడ ఆ అమ్మాయి వెనక్కి వచ్చి బల్ల దగ్గర మోకాళ్ళ మీద ఉంది. రెండూ ఒకటెలా అవుతాయి?

రెండోది, కథ అక్కడ ఆగలేదు. రెండో పత్రిక 2వ అధ్యాయంలో, సంఘం చేత శిక్ష పడిన ఒకతని గురించి పౌలే రాస్తాడు: ఆ శిక్ష చాలు, ఇక క్షమించి ఆదరించండి, లేకపోతే దుఃఖంలో మునిగిపోతాడు అని. ఇద్దరూ ఒకరేనా కాదా అన్నదాంట్లో పండితులకి పేచీ ఉంది. ఎవరైతేనేం, శిక్షకి ఒక హద్దుందని చెప్పింది మాత్రం పౌలే. మనవాళ్ళు మొదటి పత్రిక చదివి బైబిలు మూసేస్తారు.

మూడోది మత్తయి 18:15. తప్పు చేసినవాడి దగ్గరికి ముందు ఒక్కడివే వెళ్ళమన్నాడు. వినకపోతే ఇద్దరు ముగ్గురు. అప్పటికీ వినకపోతేనే సంఘం. మీ కమిటీ మొదటి మెట్టూ రెండో మెట్టూ ఎక్కకుండా నేరుగా మూడో మెట్టు మీదికి దూకింది. ఆ ఇంటికి ఒక్కరైనా వెళ్ళారా?

కృపా_గుంటూరు
కమిటీ నుంచి ఎవరూ వెళ్ళలేదు తమ్ముడూ. కబురు పంపారు.

జాన్‌బాబు_కువైట్
నాదొక్కటే ప్రశ్న. ఆ కమిటీలో కొడుకుల పెళ్ళిళ్ళకి కట్నం తీసుకున్నవాళ్ళు ఎంతమంది? కట్నం తీసుకోవడం నేరమని 1961లోనే చట్టం వచ్చింది. మా ఊళ్ళో పెళ్ళి ప్రకటనలు మూడు ఆదివారాలు చర్చిలో చదువుతారు, లావాదేవీ ఏ ఇంట్లో ఎంతకి కుదిరిందో బెంచీల్లో కూర్చున్న అందరికీ తెలుసు. కట్నం తిన్న ఏ మావగారినైనా బల్ల దగ్గర చెవిలో చెప్పి లేపారా? నేనైతే చూళ్ళేదు. దొరికిందల్లా ఆడపిల్లే.

గోదారి_పిల్ల
జాన్‌బాబు అన్నా, పది లైకులు కొట్టే వీలుంటే కొట్టేదాన్ని.

యోహాను 8లో కూడా అంతేగా. వ్యభిచారంలో పట్టుబడిందని ఆమెను లాక్కొచ్చారు. మోషే ధర్మశాస్త్రం, లేవీయకాండం 20:10, ఇద్దరికీ శిక్ష అంటుంది. మరి ఆ మగాడేడీ?

పాతపెద్ద_ఒంగోలు
కట్నం పాపమే, నేను కాదనను. అయితే ఒక చోట పట్టుకోలేదని ఇంకో చోట వదిలేయమంటే ఎలా బాబూ? ఇక బల్ల దగ్గర ఆపడం నా సొంత కవిత్వం కాదు. 1 కొరింథీ 11:27 చదవండి. అయోగ్యంగా రొట్టె తిన్నవాడు ప్రభువు శరీరం విషయంలో అపరాధి అవుతాడు. ఆమెను ఆపడం ఆమె మేలు కోసమే.

సెమినరీ_కుర్రాడు
పెద్దాయనా, ఆ మాట పౌలు ఎవరి మీద కోపంతో అన్నాడో పై వచనాలు చూడండి. కొరింథు సంఘంలో డబ్బున్నవాళ్ళు ముందే వచ్చి కడుపు నిండా తిని తాగేసేవాళ్ళు. పని ముగించుకుని వచ్చే లేనివాళ్ళకి ఏమీ మిగిలేది కాదు. 22వ వచనంలో "పేదలను సిగ్గుపరచుదురా?" అని నిలదీశాడు. అంటే బల్ల దగ్గర సాటి మనిషి తల దించుకునేలా చేసినవాళ్ళే ఆ అధ్యాయంలో అయోగ్యులు. ఆ తర్వాత 28లో ఎవణ్ణి వాడు పరీక్షించుకోమన్నాడు. పక్కవాణ్ణి పరీక్షించే పని ఎవరికీ అప్పజెప్పలేదు.

మరియ_బెజవాడ
నేను కతోలిక సంఘం. మా దగ్గర పాపసంకీర్తనం (పాపాలు ఒప్పుకోవడం) ఫాదర్ చెవిలోనే. ఆయన ప్రాణం పోయినా బయట పెట్టకూడదు.

మొదటి శతాబ్దాల్లో బహిరంగ ప్రాయశ్చిత్తం మాకూ ఉండేది. కొన్ని చోట్ల పాపాలు కాగితం మీద రాయించుకుని జనం ముందు చదివేవాళ్ళు. 459లో పోప్ మొదటి లియో దాన్ని ఆపేయమని ఇటలీలో బిషప్పులకి ఉత్తరం రాశారు. ఆయన చెప్పిన కారణం చూడండి: నలుగురిలో బయటపడుతుందన్న సిగ్గుతో, భయంతో మనుషులు అసలు పశ్చాత్తాపానికే రాకుండా పోతారు. మీ ఊళ్ళో సరిగ్గా అదే జరిగింది. ఆ అమ్మాయి రావడం మానేసింది.

పాతపెద్ద_ఒంగోలు
పోపుగారి ఉత్తరాలు మాకు ప్రమాణం కాదు సిస్టర్, ఏమనుకోకండి. యాకోబు 5:16 ఒకరితో ఒకరు పాపాలు ఒప్పుకోమంటుంది.

మరియ_బెజవాడ
ఏమీ అనుకోనన్నా. ఉత్తరం పక్కన పెట్టండి, కారణం చూడండి. యాకోబు చెప్పింది ఒకరితో ఒకరు. మైకు ముందు అనలేదు. పైగా అక్కడ ఒప్పుకునేది స్వస్థత కోసం అని ఆ వచనంలోనే ఉంది.

బెంచీ_చివర
మైకు అంటే గుర్తొచ్చింది, మా చర్చిలో సాక్ష్యం చెప్పమని ఒకాయనకి మైకు ఇస్తే వదినగారి తప్పులు ఇరవై నిమిషాలు చెప్పాడు. చివరికి పాస్టరు అయ్యగారే కీర్తన ఎత్తుకున్నారు.

గోదారి_పిల్ల
😂 మా దగ్గర మైకు అవసరం లేదు, వాట్సాప్ గ్రూపుంది. "ఫలానా సిస్టర్ కోసం భారంగా ప్రార్థించండి, వాళ్ళ ఆయన విషయం మీకు తెలిసిందే" అని పెడతారు. అప్పటిదాకా తెలియనివాళ్ళు ఫోన్ చేసి మరీ తెలుసుకుంటారు. ప్రార్థన మనవి పేరుతో చెవులు కొరుక్కోవడం ఇది. మా అమ్మ స్త్రీల మైత్రిలో (చర్చి ఆడవాళ్ళ సమాజం) గట్టిగా మాట్లాడి ఒక పద్ధతి పెట్టించింది: ఎవరి గురించి మనవి పెట్టాలన్నా ముందు వాళ్ళని అడగాలి. వాళ్ళు వద్దంటే పేరుండదు. గ్రూపు సగానికి సగం ప్రశాంతంగా ఉందిప్పుడు.

డల్లాస్_దానియేలు
అమెరికా తెలుగు సంఘాల్లో ఇవి లేవనుకోకండి. ఇక్కడ ఉద్యోగం పోయి వీసా టెన్షన్‌లో ఉన్న కుటుంబం ఒకటి ఆరాధనకి రావడం మానేసింది. ఎందుకని కనుక్కుంటే, "ఏదో లోపల పాపం ఉండబట్టే దేవుడు తలుపు మూశాడు" అని ఎవరో వాళ్ళ ముఖం మీదే అన్నారట. పుట్టు గుడ్డివాణ్ణి చూపించి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే ప్రభువు ఏమన్నాడో యోహాను 9లో ఉంది. వీడూ చేయలేదు, వీడి కన్నవాళ్ళూ చేయలేదు అన్నాడు.

రూత్_మెదక్
అందరూ ఒక వైపే లాగుతున్నారు కాబట్టి రెండో వైపు చెప్తాను. కొంచెం పొడుగ్గా ఉంటుంది, చదవండి.

మా అక్క భర్త సంఘంలో పేరున్న మనిషి. ఉపవాస ప్రార్థనలు నడిపేవాడు. ఇంట్లో మాత్రం బెల్టు తీసేవాడు. అక్క ఒకసారి ధైర్యం చేసి సంఘ పెద్దల దగ్గర చెప్పుకుంది. ఆమెకి వచ్చిన జవాబు ఏంటో తెలుసా? "తీర్పు తీర్చొద్దమ్మా. దైవ సేవకుణ్ణి నిందించొద్దు. డెబ్బై ఏడుల సార్లు క్షమించమన్నాడు ప్రభువు." అక్క మళ్ళీ అదే ఇంటికి వెళ్ళింది. ఆ సంవత్సరం ఆమె ఎడమ చెవి వినికిడి పోయింది.

అందుకే "తీర్పు తీర్చకుడి" అని ఎవరైనా అంటే ఆ మాట ఎవరి చేతిలో ఉందో ముందు చూస్తాను. బలహీనుల చేతిలో ఉంటే అది రక్షణ. బలవంతుడి చేతిలో పడితే అదే వాక్యం దెబ్బల మీద కప్పే దుప్పటి అవుతుంది. తప్పుని తప్పు అని చెప్పాల్సిందే. నాతాను ప్రవక్త దావీదు రాజు ఎదుట నిలబడి "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు, 2 సమూయేలు 12. తీర్పు తీర్చొద్దని నోరు మూసుకుని ఉంటే రాజు భార్యని లాక్కుని చంపించిన ఊరియా ఇంటికి జరిగిన అన్యాయం మాట ఎత్తేవాడే ఉండేవాడు కాదు.

ఈ అమ్మాయిని ఆపడం తప్పే. అయితే ఆమెని కొట్టినవాడి గురించి కూడా "మనమెవరం తీర్పు తీర్చడానికి" అనొద్దు.

నర్సు_సునీత
రూత్ అక్కా, మీ అక్క ఇప్పుడు ఎలా ఉన్నారు?

రూత్_మెదక్
మా దగ్గరే ఉంటోంది. కుట్టుపని చేస్తుంది. కేసు నడుస్తోంది. ఆ చర్చికి వెళ్ళదు, ఇంకో చర్చికి వెళ్తుంది. దేవుణ్ణి మాత్రం వదల్లేదు.

జాన్‌బాబు_కువైట్
రూత్ గారి మాట ఇక్కడ అందరం గుర్తు పెట్టుకోవాల్సింది. కనికరం అంటే కేసు మానుకోవడం అని ఎవరూ అనుకోకూడదు. ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్ గారిని, ఆయన ఇద్దరు కొడుకుల్ని 1999 జనవరిలో ఒడిశాలోని మనోహరపూర్‌లో జీపులో సజీవ దహనం చేశారు. చిన్నవాడికి ఆరేళ్ళు. ఆయన భార్య గ్లాడిస్ గారు, తన వాళ్ళని చంపినవాళ్ళని క్షమించానన్నారు. ఆ తర్వాత కూడా కూతురితో కలిసి బరిపదలోనే ఉండి కుష్ఠు రోగుల సేవ కొనసాగించారు. 2005లో పద్మశ్రీ ఇచ్చారు. ఆమె క్షమించినంత మాత్రాన కోర్టు తన పని మానలేదు, మానమని ఆమె అడగనూ లేదు. తన మనసులో పగ ఉంచుకోకపోవడం వేరు, నేరానికి చట్టం వేసే శిక్ష వేరు అని ఆమెకి స్పష్టంగా తెలుసు.

బెంచీ_చివర
నేను చరిత్ర బాగా చదువుతాను కాబట్టి ఒంగోలు పెద్దాయనకి ఆయన ఊరి సంగతే చెప్తాను. 1876-78 ధాత కరువులో ఒంగోలులో ఉన్న అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేల మందికి పనిచ్చారు. తర్వాత 1878 జులై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. వాళ్ళని చూసి లోకం ఏమంది? "కూటి కోసం కలిసినవాళ్ళు" అంది. ఇవాళ మన సంఘాల్లో పెద్దరికం చేస్తున్న చాలామంది ఆ 2,222 మంది మునిమనవలే. ఆనాడు మన ముత్తాతల మనసులో ఏముందో తూచి తేల్చేసినవాళ్ళ మీద మనకి ఇప్పటికీ కోపం వస్తుంది కదా? మరి ఆ అమ్మాయి మనసులో ఏముందో మనమెలా తేలుస్తున్నాం?

పాతపెద్ద_ఒంగోలు
మా తాతగారి నాన్న ఆ నీళ్ళలో దిగినవాడే తమ్ముడూ. ఆ సంగతి మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం. అయితే కథ సగమే చెప్పావు. కరువు సాయం సాగినంత కాలం క్లౌ దొరగారు బాప్తిస్మాలు ఆపేశారు. ఎంత బతిమాలినా ఇవ్వలేదు. ఎందుకు? అన్నం కోసం వస్తున్నారో, నిజంగా వస్తున్నారో చూడాలని. సాయం ఆగాక కూడా వస్తూనే ఉన్నారు కాబట్టి ఇచ్చారు. కాబట్టి ఆగమనడం, చూడడం తప్పు కాదు. ప్రేమ ఉన్నవాడు కూడా ఆగమంటాడు.

సెమినరీ_కుర్రాడు
ఇది బలమైన మాట. దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేదు.

నర్సు_సునీత
నా దగ్గర ఉంది. ఆపిన ఆ రోజుల్లో దొరగారు వాళ్ళకి కాలువ పని ఇచ్చారు, కూలి ఇచ్చారు, చచ్చిపోకుండా చూశారు. గుడిసెల మధ్య తిరిగారు. బాప్తిస్మం ఆపారు గానీ మనుషుల్ని ఆపలేదు. మరి ఈ కమిటీ బల్ల ఆపిన రోజు నుంచి ఆ అమ్మాయికి ఏమిచ్చింది? బాబుకి పాలెక్కడివి? ఏదైనా పని చూసిపెట్టారా? ఆమె మొగుడు వెతుక్కుంటూ వస్తే ఎవరి ఇంటి తలుపు కొట్టాలో చెప్పారా?

గోదారి_పిల్ల
సునీతక్కా 🙏

పాతపెద్ద_ఒంగోలు
ఇది న్యాయమైన ప్రశ్నే. ఆలోచిస్తాను.

కృపా_గుంటూరు
ఇవన్నీ చదువుతుంటే మా సంఘంలో చెవిలో చెప్పిన ఆ పెద్దాయన మీద నాకు ఇంకా మండుతోంది. ఆయనకి ప్రింటు తీసి పంపాలనిపిస్తోంది.

బెంచీ_చివర
కృపా గారూ, పంపే ముందు ఒక్క నిమిషం. లూకా 18లో పరిసయ్యుడు (నిష్ఠాపరుడు) గుళ్ళో నిలబడి ఆ సుంకరిలా (పన్ను వసూలు చేసేవాడిలా) తను లేనందుకు దేవుడికి స్తోత్రాలు చెప్పాడు. ఇప్పుడు మనం ఇక్కడ కూర్చుని ఆ పెద్దాయనలా మనం లేనందుకు స్తోత్రాలు చెప్పుకుంటున్నామేమో. ఆయన చేసిన పని తప్పు, సరే. ఆయన ఎలాంటి మనిషి?

కృపా_గుంటూరు
మీరు అడిగారు కాబట్టి చెప్తా. మా నాన్నకి ఆపరేషన్ అయినప్పుడు రక్తం దొరక్కపోతే రాత్రికి రాత్రి ముగ్గురు కుర్రాళ్ళని బండ్ల మీద తీసుకొచ్చింది ఆయనే. చర్చి పైకప్పు కారితే ఈ వయసులో తనే నిచ్చెనెక్కుతాడు. సొంత కూతురు కూడా ఇలాగే వేరే పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది, ఆయన ఇప్పటిదాకా ఆ పిల్లతో మాట్లాడలేదు. మా ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ ఆయన ముందు ఎత్తరు.

మరియ_బెజవాడ
అయ్యో. ఆ చెవిలో చెప్పిన మాట వెనక ఇంత ఉందా.

రూత్_మెదక్
అందుకే ఆయన ఆ అమ్మాయిని చూసి తట్టుకోలేకపోయాడేమో. దాంతో ఆయన చేసింది ఒప్పైపోదు. కానీ ఆయనతో ఎలా మాట్లాడాలో తెలుస్తుంది. గలతీ 6:1 సాత్వికమైన మనసుతో అంటుంది. అది ఆ అమ్మాయి విషయంలోనే కాదు, ఆయన విషయంలో కూడా వర్తిస్తుంది. ప్రింటు మాత్రం పంపొద్దు కృపా.

డల్లాస్_దానియేలు
ఈజిప్టు ఎడారిలో నాలుగో శతాబ్దంలో మోషే అనే సన్యాసి ఉండేవాడు. సన్యాసం తీసుకోక ముందు బందిపోటు. మఠంలో ఎవరో తప్పు చేస్తే విచారణకి పెద్దలంతా కూర్చుని ఇతన్ని పిలిచారు. రానన్నాడు. మళ్ళీ కబురు పెడితే చిల్లులున్న బుట్టలో ఇసక పోసుకుని వీపున మోస్తూ వచ్చాడు. ఇదేంటని అడిగితే, "నా పాపాలు నా వెనక కారిపోతున్నాయి, నాకు కనబడట్లేదు. నేను ఇంకొకరి తప్పు విచారించడానికి వచ్చాను" అన్నాడట. విచారణ అక్కడితో ఆపి ఆ సోదరుణ్ణి క్షమించారు.

జాన్‌బాబు_కువైట్
మా కమిటీ మీటింగుకి అందరూ బుట్టలతో వస్తే హాలు చాలదు.

సెమినరీ_కుర్రాడు
క్లౌ దొరగారు బాప్తిస్మాలు ఆపారన్న పాతపెద్ద గారి మాట గురించి రెండు రోజులుగా ఆలోచిస్తూ చదివాను. మూడో శతాబ్దంలో, డేసియస్ చక్రవర్తి హింసలో, ప్రాణభయంతో విగ్రహాలకి ధూపం వేసినవాళ్ళు చాలామంది. హింస ఆగాక వాళ్ళు ఏడుస్తూ తిరిగొచ్చారు. నొవాషియన్ అనే ఆయన వర్గం వీళ్ళని ఎప్పటికీ చేర్చుకోకూడదంది. కార్తేజి బిషప్పు సిప్రియన్ పశ్చాత్తాప కాలం పెట్టి చేర్చుకోవాలన్నాడు. సంఘం సిప్రియన్ వెంట నడిచింది. అంటే ఆగమనడం సంఘ చరిత్రలో ఉంది, పెద్దాయన అన్నట్టే. అది నేను ఒప్పుకోవాలి.

అయితే 325లో నికయా మహాసభ, అదే మనం చెప్పే విశ్వాస ప్రమాణానికి మూలమైన సభ, ఈ విషయంలో కొన్ని నియమాలు చేసింది. 13వ నియమం ఏంటంటే, చావు దగ్గరపడ్డవాడు సంస్కారం అడిగితే శిక్షా కాలంలో ఉన్నా సరే కాదనొద్దు. శిక్ష ఎంత కఠినంగా పెట్టినా తలుపు మొత్తం మూయలేదు వాళ్ళు. పైగా ఆ నియమాలు విశ్వాసం తప్పినవాళ్ళకీ, ఉద్యోగం కోసం విశ్వాసం వదిలిన సైనికులకీ కూడా పెట్టారు. ఏ ఒక్క రకం మనిషికో పెట్టలేదు. జాన్‌బాబు అన్న అడిగింది ఇక్కడికే వస్తుంది. కొలత ఒకటే అయితే అది క్రమశిక్షణ. మనిషిని బట్టి మారితే మాత్రం తీర్పే. యాకోబు పత్రిక 2వ అధ్యాయం బంగారు ఉంగరం పెట్టుకున్నవాణ్ణీ, మాసిన బట్టలవాణ్ణీ వేరుగా చూడడంతో మొదలై, "కనికరము తీర్పును మించి అతిశయపడును" దగ్గరికి వస్తుంది. ఆ రెండు మాటలూ ఒకే చోట ఉండడం ఊరికే కాదు.

కృపా_గుంటూరు
జరిగింది చెప్తాను.

ప్రింటు పంపలేదు. అమ్మగారితో మాట్లాడితే ఆవిడ అయ్యగారికి చెప్పారు. అయ్యగారు ఆ పెద్దాయనని వెంటబెట్టుకుని ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళారు. నేనూ అమ్మగారూ వెనక వెళ్ళాం. మొదట్లో ఎవరూ మాట్లాడలేదు. ఆ అమ్మాయి వాళ్ళమ్మ టీ పెట్టింది. బాబు పాకుతూ పెద్దాయన దగ్గరికి వచ్చి కళ్ళజోడు లాగితే ఆయన వారించలేదు. కాసేపటికి ఆ అమ్మాయే చెప్పింది. పెళ్ళి గురించి, దెబ్బల గురించి, అక్కడ ఆదివారాలు బాత్రూమ్‌లో కుళాయి తిప్పి ఆ చప్పుడులో ప్రార్థన చేసుకోవడం గురించి. అయ్యగారు ప్రార్థన చేశారు. సంఘం ముందు నిలబడాల్సిన పని లేదు, నువ్వు చెప్పాల్సింది దేవుడి ముందు చెప్పావు, వచ్చే మొదటి ఆదివారం బల్లకి రా అన్నారు.

కమిటీలో అందరూ ఒప్పుకోలేదు. ఇద్దరు గట్టిగా ఎదురు తిరిగారు, బిషప్పు ఉండే డయోసిస్‌కి రాస్తామంటున్నారు. పెద్దాయన మాత్రం ఏమీ అనలేదు. అవునని గానీ కాదని గానీ.

నర్సు_సునీత
ఆమె భర్త వైపు నుంచి బెదిరింపులు ఉంటే 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది, ఇరవై నాలుగు గంటలూ ఎత్తుతారు. నంబరు ఆమె ఫోన్‌లో సేవ్ చేయించండి. గాయాలుంటే ప్రభుత్వాసుపత్రిలో చూపించి కాగితం తీసుకోమనండి, రేపు కోర్టులో అదే పనికొస్తుంది.

రూత్_మెదక్
ఏదైనా పని కావాలంటే మా అక్క కుట్టుపని నేర్పిస్తానంటోంది. ఫోన్‌లో వీడియో పెట్టి కూడా నేర్పుతుంది. మెషీను ఉందా వాళ్ళింట్లో?

కృపా_గుంటూరు
పాత మెషీను ఒకటి ఉందక్కా, బెల్టు తెగిపోయింది. వేయిస్తాం. ప్రైవేటు మెసేజ్ పెడతా.

పాతపెద్ద_ఒంగోలు
నేను ఇప్పటికీ సంఘానికి క్రమశిక్షణ ఉండాలనే అంటాను. అది వదులుకోను. మీ ఊరి కమిటీలో ఎదురు తిరిగిన ఆ ఇద్దరి బాధ కూడా నాకు అర్థమవుతుంది, వాళ్ళని శత్రువుల్లా చూడొద్దు.

అయితే కొలత ఒకటే ఉండాలన్న మాట ఇక్కడ ముగ్గురు అన్నారు. దానికి జవాబు చెప్పకుండా తప్పించుకుంటే నేను ఇన్నాళ్ళు చేసిన పెద్దరికానికి అర్థం లేదు. వచ్చే నెల మా కమిటీ మీటింగులో రెండు విషయాలు పెడుతున్నాను. ఒకటి, ఎవరినైనా బల్లకి ఆపాలంటే ముందు ఇద్దరు పెద్దలు ఆ ఇంటికి వెళ్ళి కూర్చుని మాట్లాడాలి, ఆపిన కాలంలో ఆ ఇంటి అవసరాలు సంఘం చూడాలి. రెండు, పెళ్ళి ప్రకటన చదివే ముందు రెండు కుటుంబాలనీ కట్నం సంగతి అడగాలి. రెండో దానికి ఎంత గొడవ అవుతుందో నాకు తెలుసు. మా తమ్ముడి కొడుకు పెళ్ళి జనవరిలో ఉంది.

జాన్‌బాబు_కువైట్
పెద్దాయనా, మీ కోసం ప్రార్థన చేస్తాం. మీటింగు అయ్యాక ఏమైందో ఇక్కడ రాయండి. పేర్లు అక్కర్లేదు.